గానగంధర్వుడు ఘంటసాల

విజయవాడ నుండి ఏలూరునకు పోవు రాజమార్గమున హనుమాన్ జంక్షన్ అను ఊరు కలదు. అచ్చటి ఆంజనేయస్వామి ఆలయము వలన ఆ కూడలికి ఆ పేరు వచ్చెను. అక్కడ నాలుగు దారులు కలియును. ఉత్తరపు దారి నూజివీటి మామిడితోటలకును, దక్షిణపు దారి గుడివాడ వరిపొలములకును పోవును. ఆ దక్షిణపు దారిని పట్టి, కాలువలను, పచ్చని చేలను దాటుచు పోయినచో గుడివాడ పట్టణము వచ్చును. దాని సమీపముననే చౌటపల్లి యను చిన్న గ్రామము కలదు. సుమారు ముప్పది సంవత్సరముల పాటు తెలుగునాట ఇంటింట మారుమ్రోగిన కంఠము ఆ గ్రామముననే పుట్టెను. అది ఘంటసాల వేంకటేశ్వరరావు కంఠము.

ఘంటసాల యనునది ఆయన యింటిపేరు. అదే పేరుగల ప్రాచీన గ్రామమొకటి కృష్ణా జిల్లాలోనే చల్లపల్లికి చేరువగా ఉన్నది. అచ్చట పూర్వకాలపు బౌద్ధస్తూపము బయల్పడినది. చరిత్ర తెలిసినవారికి ఆ పేరు స్తూపమును జ్ఞప్తికి తెచ్చును. తక్కిన తెలుగువారికెల్ల అది పాటను జ్ఞప్తికి తెచ్చును. ఒక మనుష్యుడు తన యింటిపేరునే పాటకు మారుపేరుగా చేయగలుగుట సామాన్య విషయము కాదు. ఆ కీర్తి ఆయనకు సులభముగా లభించినదియు కాదు.

వేంకటేశ్వరరావు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన జన్మించెను. ఆయన తండ్రి సూర్యనారాయణ, తల్లి రత్తమ్మ. సూర్యనారాయణ భక్తుడు, మృదంగము వాయించుటయందు నేర్పరి, నారాయణతీర్థులు సంస్కృతమున రచించిన శ్రీకృష్ణలీలాతరంగిణిలోని తరంగములను చక్కగా పాడగలవాడు. ఆ కాలమున కృష్ణా తీరమందలి పల్లెలలో పండుగ దినములయందును, ఏకాదశి రాత్రులయందును భజనగోష్ఠులు విరివిగా జరుగుచుండెను. సూర్యనారాయణ ఆ గోష్ఠులకు తన కుమారుని భుజముపై నెక్కించుకొని తీసికొనిపోవుచుండెను. తండ్రి పాడుచుండ బాలుడు ఆ తరంగములకు తగినట్లు అడుగులు వేయుచుండెను. ఆ నాట్యమును చూచినవారు ముచ్చటపడి ఆ పిల్లవానిని బాలభరతుడని పిలువసాగిరి. అక్షరములు నేర్వకమునుపే ఆ బాలునకు తాళము తెలిసినది. ఇట్లు సంగీతమునందు ఆయనకు తొలిగురువు తండ్రియే యయ్యెను.

కాని ఆ భాగ్యము ఎక్కువకాలము నిలువలేదు. వేంకటేశ్వరరావు పసితనము వీడకమునుపే తండ్రి వ్యాధిగ్రస్తుడై మరణించెను. మరణించుటకు ముందు ఆయన కుమారుని చేరబిలిచి, సంగీతము గొప్పదనమును తెలిపి, పెద్ద విద్వాంసుడవు కావలెనని కోరెను. ఇల్లు గడచుట కష్టమయ్యెను. అప్పుడు మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య ఆ కుటుంబమును ఆదుకొనెను. ఆ పల్లెటూరి సంసారములో కుఱ్ఱవానికి సంగీతము చెప్పించు శక్తి ఎవరికి కలదు? ఐనను తండ్రి చివరిమాట ఆ బాలుని విడువలేదు.

చిన్నతనముననే ఒక కచేరిలో ఆయన విద్య నేర్చిన గాయకులతో పోటీకి దిగి ఓడిపోయెను. సభలోనివారు నవ్విరి. కంఠము మంచిదే, కాని శాస్త్రజ్ఞానము లేదు. లోకములో అవమానము పొందినవారు రెండు విధములుగా నుందురు. కొందరు ఆ పనినే విడిచిపెట్టుదురు. కొందరు ఆ పనిని పూర్తిగా నేర్చుకొనవలెనని పట్టుపట్టుదురు. వేంకటేశ్వరరావు రెండవ తెగకు చెందినవాడు. ఆయన తనకు తెలిసిన సంగీతజ్ఞుల యిండ్లకు పోయి, వారి యింట పనులు చేయుచు విద్య నేర్చుకొనుటకు యత్నించెను. ఒక యింట బట్టలుతికెను. మరియొక యింట వంట చేసెను. రెండేండ్లు ఇట్లు గడచినను నేర్చినది మాత్రము స్వల్పము. సరియైన గురువు, సరియైన పాఠశాల లేనిదే విద్య రాదని ఆయనకు తెలిసిపోయెను.

ఆ దినములలో తెలుగువారికి సంగీతకళాశాల యనగా విజయనగరమే. అచ్చటి మహారాజు విజయరామ గజపతిరాజు 1919లో ఆ కళాశాలను స్థాపించెను. హరికథాపితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. ఆయన పిమ్మట 1936లో ఫిడేలు విద్వాంసుడైన ద్వారము వేంకటస్వామినాయుడు ఆ పదవి నలంకరించెను. అచ్చట చేరవలెనన్నచో గుడివాడ ప్రాంతము నుండి రైలెక్కి కృష్ణను, గోదావరిని వెనుకవైచి ఉత్తరాంధ్రమునకు పోవలెను. చేత కాసులేదు. వేంకటేశ్వరరావు తన వ్రేలి ఉంగరమును వచ్చిన వెలకు అమ్మివేసి విజయనగరము చేరెను.

ఆయన చేరిన సమయమున కళాశాలకు వేసవి సెలవులు. తలుపులు మూసియుండెను. ఎరుగని ఊరు, ఎరుగని మనుష్యులు. తలదాచుకొనుటకు చోటు కూడ దుర్లభమయ్యెను. ఇట్టి స్థితిలో పట్రాయని సీతారామశాస్త్రి యను గాత్రవిద్వాంసుడు ఆయనను చేరదీసెను. సాలూరు వాస్తవ్యుడైన ఆయనను జనులు సాలూరి చిన్నగురువుగారని పిలుచుచుండిరి. శాస్త్రి ధనవంతుడు కాడు. ఆయన యింట సంపద లేకున్నను విద్య గలదు. దానిని దాచుకొను స్వభావము లేదు. శిష్యుని నుండి ఒక్క కాసైనను కోరక సంగీతము చెప్పసాగెను.

విద్యకు లోపము లేకుండెను. అన్నము మాటయేమి? పూర్వకాలమున పేదవిద్యార్థులకు మధుకరమను ఆచారము కలదు. తుమ్మెద ఒక పువ్వును బాధింపక అనేక పుష్పములనుండి కొద్దికొద్దిగా తేనె గ్రహించునట్లు, విద్యార్థి భుజమునకు జోలె తగిలించుకొని, కొన్ని ఇండ్లకు పోయి, గృహిణులు పెట్టిన అన్నమును తెచ్చుకొని తినును. వేంకటేశ్వరరావు విజయనగరపు వీధులలో అట్లు మధుకరము చేసికొని కడుపు నింపుకొనెను. మధుకరము చేయువానిని ఆదరించు తల్లులు గలరు. చీదరించు జనులును గలరు. ఆయన రెంటిని సమానముగా సహించెను. తెల్లవారకముందే లేచి కంఠసాధన చేయుట, పగలు పాఠము, జోలె పట్టుట, మరల సాధన - ఇదియే ఆయన దినచర్య. కొంతకాలమునకు కళాశాలలో ప్రవేశము లభించెను. కష్టపడి చదివి సంగీతవిద్వాన్ పట్టమును పొందెను.

గాత్రమునందు శాస్త్రి శిష్యునకు నేర్పినది స్వరజ్ఞానము మాత్రమే కాదు. పాటయందు రాగము శరీరమైనచో భావము ప్రాణము. మాట చెడకుండ, అర్థము మరుగుపడకుండ పాడవలెను. ఈ పాఠమే తరువాతికాలమున ఘంటసాలకు పెన్నిధి యయ్యెను.

చదువు ముగించుకొని ఆయన స్వగ్రామమునకు తిరిగివచ్చెను. పల్లెలలో పిల్లలకు సంగీతము చెప్పుచు, ఉత్సవములలో కచేరులు చేయుచు జీవింపసాగెను. ఇంతలో 1942వ సంవత్సరమున గాంధీమహాత్ముడు క్విట్ ఇండియా ఉద్యమమును ఆరంభించెను. దేశమెల్ల అట్టుడికినట్లు ఉడికెను. ఘంటసాల తన కంఠమును ఉద్యమమునకు అర్పించి ఊరూర దేశభక్తి గీతములను పాడెను. ప్రభుత్వమువారు ఆయనను పట్టుకొని బళ్లారి సమీపమునగల అలీపురము కారాగృహమున నుంచిరి. ఆయన పదునెనిమిది మాసములు శిక్ష అనుభవించెను. ఆంధ్రరాష్ట్రము కొఱకు తరువాత ప్రాణత్యాగము చేసిన పొట్టి శ్రీరాములు కూడ అదే కారాగృహమున నుండెను. ఆ పరిచయమును ఘంటసాల మరువలేదు. 1952 డిసెంబరు 15వ తేదీ రాత్రి మద్రాసులో శ్రీరాములు నిరాహారదీక్షలో కన్నుమూసినప్పుడు, ఘంటసాల అచ్చటికి చేరి, ఆ త్యాగమూర్తి భౌతికకాయము ముందు నిలిచి గొంతెత్తి పాడెను. అప్పటికాయన ప్రసిద్ధ సంగీతదర్శకుడు. ప్రభుత్వాగ్రహము కలుగునేమో యని వెనుదీయలేదు.

కారాగృహము నుండి వెలువడిన తరువాత 1944 మార్చి 4వ తేదీన ఆయనకు సావిత్రితో వివాహమయ్యెను. పెండ్లిలో పాటకచేరి యుండవలెనని బంధువులు కోరగా, పెండ్లికుమారుడే పీటలపై నుండి లేచి కచేరి చేసెనని చెప్పుదురు. అత్తవారి ఊరు పెదపులివర్రు. చలనచిత్రములకు మాటలు, పాటలు వ్రాసి పేరుపొందిన సముద్రాల రాఘవాచార్యునిదియు ఆ ఊరే. ఆయన ఈ యువకుని పాట విని మెచ్చుకొని, మద్రాసునకు రమ్మని ఆహ్వానించెను.

ఘంటసాల మద్రాసునకు పోయెను. సముద్రాలవారి యిల్లు చిన్నది. వారికి భారము కారాదని ఆయన వేరుచోటు వెదకుకొనెను. దొరికిన చోటు త్యాగరాయనగరములోని పానగల్ పార్కు! అచ్చటి కావలివానికి నెలకు రెండు రూపాయలిచ్చి రాత్రులు అక్కడనే నిద్రించుచు, పగటివేళ అవకాశముల కొఱకు తిరుగుచుండెను. విజయనగరమున జోలె పట్టినవానికి పార్కులో పరుండుట కష్టమనిపింపలేదు. 1944లో వచ్చిన 'సీతారామజననము' అను చిత్రమున బృందగానములో గొంతు కలిపి, ఒక చిన్న వేషమును కూడ ధరించెను. బాలాంత్రపు రజనీకాంతరావు మద్రాసు ఆకాశవాణిలో ఆయనచేత లలితగీతములు పాడించెను. హిజ్ మాస్టర్స్ వాయిస్ అను గ్రామఫోను సంస్థలో పనిచేయుచున్న పేకేటి శివరామ్ ఆయన పాటలను రికార్డు చేయించెను. 1945లో వాహినీవారి 'స్వర్గసీమ' చిత్రమున భానుమతితో కలిసి పాడుటకు అవకాశము లభించెను. ఆ పాటకు ఆయన అందుకొనిన పారితోషికము నూటపదునారు రూపాయలు. అది నేపథ్యగాయకునిగా ఆయన ప్రస్థానమునకు తొలి అడుగు.

ఇచ్చట నేపథ్యగానమును గూర్చి కొంత తెలిసికొనవలెను. తెలుగు చిత్రములు మొదలైన తొలిదినములలో నటులే తమ పాటలను తాము పాడుకొనుచుండిరి. రూపము, నటన ఉన్నను గొంతు లేనివారికి నాయకపాత్ర లభించుట కష్టముగా నుండెను. పిదప ఒకరు తెరపై నటింప మరియొకరు తెరచాటున పాడు పద్ధతి వచ్చెను. ఇది పైకి సులభముగా కనబడును. కాని మిక్కిలి కష్టమైన పని. గాయకుడు తన గొంతుతో మరియొకరి ముఖమునకు ప్రాణము పోయవలెను. ఆ నటుని మాట తీరు, స్వభావము, పాత్రయొక్క సుఖదుఃఖములు పాటలో ధ్వనింపవలెను. ఇందు ఘంటసాలకు సాటివచ్చినవారు అరుదు. 1948లో వచ్చిన 'బాలరాజు' నుండి అక్కినేని నాగేశ్వరరావునకును, ఆ పిమ్మట నందమూరి తారకరామారావునకును ఆయన గొంతే గొంతయ్యెను. ఒకరికి పాడినప్పుడు ఒక మృదుత్వము, మరియొకరికి పాడినప్పుడు ఒక గాంభీర్యము వినిపించుచుండెను. కన్నులు మూసికొని వినినను నటుడెవరో శ్రోతలు గుర్తించుచుండిరి. వింతయేమనగా, రామాపురమున పుట్టిన నాగేశ్వరరావు, నిమ్మకూరున పుట్టిన రామారావు, చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల - ముగ్గురును గుడివాడ ప్రాంతమువారే. కొద్ది కోసుల దూరములో పుట్టిన ముగ్గురు రైతుబిడ్డల, భక్తుల బిడ్డల ఆటపాటలతో తెలుగు చిత్రసీమ వెలిగెను.

గాయకుడైన ఘంటసాల సంగీతదర్శకుడుగా కూడ పేరుపొందెను. 1949లో వచ్చిన 'కీలుగుఱ్ఱము', 'మనదేశము' చిత్రములకు ఆయన సంగీతము సమకూర్చెను. రామారావు తొలిసారి తెరపై కనిపించిన చిత్రము 'మనదేశము'. తరువాత విజయావారి 'షావుకారు', 'పాతాళభైరవి', 'పెండ్లి చేసి చూడు' చిత్రముల పాటలు పల్లెపల్లెకు పాకెను. నాగలి పట్టిన రైతు, నాట్లు వేయు కూలి, బండి తోలువాడు ఆ పాటలను పాడుకొనిరి. శాస్త్రీయ సంగీతమునందలి రాగములను పామరులకు సైతము అందునట్లు సులభమైన వరుసలుగా మలచుట ఆయన విద్య. అందు శాస్త్రము కలదు; శాస్త్రమున్నదను ఆడంబరము లేదు.

ఇతరుల సంగీతదర్శకత్వమునను ఆయన అంతే శ్రద్ధతో పాడెను. 1951లో వచ్చిన 'మల్లీశ్వరి' కి సాలూరు రాజేశ్వరరావు సంగీతము కూర్చెను. 1953లో విడుదలైన 'దేవదాసు' కు సి. ఆర్. సుబ్బురామన్ సంగీతము కూర్చెను. సుబ్బురామన్ ఆ చిత్రము విడుదల కాకమునుపే 1952లో చిన్నవయసున మరణించెను. ఆ చిత్రములోని విషాదగీతములను ఘంటసాల పాడిన తీరు తెలుగువారి హృదయములలో నిలిచిపోయినది. 1957 నాటి 'మాయాబజారు' లో మొదట నాలుగు పాటలకు రాజేశ్వరరావు వరుసలు కట్టెను. తక్కిన సంగీతమంతయు ఘంటసాల సమకూర్చెను. రెండు చేతులు పడిన బట్టయైనను అతుకు కనబడదు. 1962లో 'గుండమ్మ కథ', 1963లో 'లవకుశ' వచ్చెను. 'లవకుశ' తెలుగున తొలి సంపూర్ణ వర్ణచిత్రము. అందు లీల, సుశీల పాడిన కుశలవుల పాటలకు ఆయన కట్టిన వరుసలను విని, అక్షరజ్ఞానము లేనివారు కూడ రామకథను కంఠస్థము చేసిరి. తమిళ, కన్నడ చిత్రములలోను ఆయన పాడెను.

ఘంటసాల చేసిన మరియొక మేలు పద్యమునకు సంబంధించినది. పద్యము తెలుగువారి సొత్తు. నాటకరంగమున నటులు పద్యమును పాడుచు చివర సుదీర్ఘముగా రాగము తీయుచుండిరి. ప్రేక్షకులు మరల మరల పాడుమని కోరుచుండిరి. దానివలన రాగము మిగిలి అర్థము మరుగున పడుచుండెను. గ్రామఫోను రికార్డునకు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషములకంటె ఎక్కువ కాలము లేదు. ఆ కొద్ది కాలములో పద్యము ముగియవలెను; భావము తెలియవలెను; రాగము రుచింపవలెను. ఘంటసాల అనవసరమైన రాగవిస్తారమును తగ్గించి, ప్రతి మాటను స్పష్టముగా పలుకుచు, అర్థము ననుసరించి స్వరమును హెచ్చించుచు తగ్గించుచు పద్యమును పాడు పద్ధతిని నెలకొల్పెను. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన 'పుష్పవిలాపము', 'కుంతీకుమారి' ఖండికలలోని పద్యములను ఆయన ఇట్లు పాడెను. పూవుల వేదన విన్నవారిలో చెట్టునుండి పూవు త్రుంచుటకు చేయిరానివారుందురు. పుస్తకములలో కొందరికి మాత్రమే తెలిసిన కవిత్వము ఆ రికార్డుల వలన లక్షలమందికి చేరెను. కవి పలికినది గాయకుడు చెవిలో వేసెను.

ఇంత కీర్తి వచ్చినను ఆయన జీవితము పూలబాట కాలేదు. 1953లో 'పరోపకారము' అను చిత్రమును నిర్మించి నష్టపోయెను. పాట పాడుట తెలిసినవానికి వ్యాపారము తెలియవలెనని నియమము లేదు. ఐనను ఆ నష్టములను గూర్చి ఎవరిని నిందింపక, మరల పాటనే నమ్ముకొని నిలిచెను. ఆయన యిల్లు సంగీతజ్ఞులకు విడిదిగా నుండెను. హిందూస్థానీ సంగీతమున మహావిద్వాంసుడైన బడే గులాం అలీఖాన్ మద్రాసునకు వచ్చినప్పుడు ఘంటసాలవారి యింటనే బసచేసెను. అట్టివారిని సేవించి, వారి గానమును దగ్గర కూర్చుండి వినుటయే ఆయనకు పండుగ.

గురువునెడ ఆయనకు గల కృతజ్ఞత ప్రత్యేకముగా చెప్పదగినది. తనకు అన్నము లేని దినములలో విద్య పెట్టిన పట్రాయని సీతారామశాస్త్రి కుమారుడు సంగీతరావును ఆయన మద్రాసునకు రప్పించి తన సహాయకునిగా నియమించుకొనెను. సంగీతరావు హార్మోనియము, వీణ యందు ప్రవీణుడు. ఆయన ఘంటసాల కడపటి దినముల వఱకు వెంటనుండి పనిచేసెను. గురువు ఋణము ధనముతో తీరునది కాదు. కాని ఆ ఋణమున్నదని జ్ఞప్తియందుంచుకొనుట ప్రతి శిష్యునకు సాధ్యమే. గొప్పవారైన పిమ్మట ఆ జ్ఞప్తి చాలమందికి నిలువదు. ఘంటసాలకు నిలిచెను.

1970లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. ఆ సంవత్సరముననే హైదరాబాదులోని లాల్ బహదూర్ స్టేడియమున ఆయన గానజీవిత రజతోత్సవము వైభవముగా జరిగెను. వేలకొలది ప్రజలు తరలివచ్చిరి. తిరుమల తిరుపతి దేవస్థానమువారు ఆయనను ఆస్థానవిద్వాంసునిగా గౌరవించిరి. 1971లో ఆయన ఐరోపా, అమెరికా దేశములలో పర్యటించి అచ్చటి తెలుగువారి ముందు పాడెను. మాతృదేశమునకు వేలమైళ్ల దూరముననున్నవారికి ఆ గొంతు సొంత ఊరి పిలుపువలె వినబడెను.

కాని శరీరము అలసిపోవుచుండెను. మధుమేహము, హృద్రోగము ఆయనను బాధింపసాగెను. 1972లో హైదరాబాదులోని రవీంద్రభారతిలో కచేరి చేయుచుండగా గుండెనొప్పి వచ్చెను. ఆయనను ఆసుపత్రిలో చేర్చి చికిత్స చేయించిరి. తన కాలము దీర్ఘము కాదని ఆయనకు తెలిసియుండవచ్చును. వైద్యులు విశ్రాంతి కావలెనన్న వేళ ఆయన మనస్సు ఒక గొప్ప కార్యముపై నిలిచెను. అది భగవద్గీతను పాడుట.

గీతయందు ఏడువందల శ్లోకములు కలవు. వానినుండి నూరు పైచిలుకు శ్లోకములను ఎన్నుకొని, ఒక్కొక్క శ్లోకమును తగిన రాగమున పాడి, వెంటనే దాని తాత్పర్యమును తెలుగున చెప్పునట్లు ఆ రికార్డును కూర్చిరి. సినిమాపాటకు వలె వాద్యముల హోరు అందు లేదు. ఒక వృద్ధుడు ఇంటి అరుగుపై కూర్చుండి మనుమలకు చెప్పుచున్నట్లు ఆ గొంతు తొందరలేక సాగును. కురుక్షేత్రమున కుంగిపోయిన అర్జునునకు ధైర్యము చెప్పు మాటలను, వ్యాధితో కుంగుచున్న గాయకుడు కుంగుబాటు వినబడకుండ పాడెను. ముప్పదియేండ్ల సాధనయంతయు ఆ రికార్డునందు ఫలించినది.

ఆ గీత ప్రజలను చేరుట చూచు భాగ్యము మాత్రము ఆయనకు కలుగలేదు. 1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులోని ఆసుపత్రిలో ఆయన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు యాబదియొక్క సంవత్సరములు. ఆ సంవత్సరముననే భగవద్గీత రికార్డులు విడుదలయ్యెను. చిత్రములలో ఎవరెవరి ముఖములకో గొంతునిచ్చిన గాయకుడు చివరకు ఏ నటుని అవసరమును లేకుండ, గొంతు ఒక్కటిగానే, ఇంటింట ప్రవేశించెను. తెలుగు పల్లెలలో దేవాలయముల మీది మైకులనుండి తెల్లవారుజామున ఆ గీత వినబడును. ఇంట ఎవరైన మరణించినప్పుడును అదే గీతను వినిపించు ఆచారము వచ్చినది. దానివలన ఆ పాట విన్నంతనే ఎవరో పోయిరని తలచువారు కూడ గలరు. కాని గీత చెప్పినది మరణమును గూర్చి మాత్రమే కాదు. బ్రదికియున్నంత కాలము తన పనిని తాను చేయుటను గూర్చి. ఆ పాఠమును పాడినవాడు దానిని ఆచరించి చూపెను.

ఆయన పోయిన పిమ్మట గ్రామఫోను సంస్థలవారు ఆయన పాటలను, పద్యములను, భక్తిగీతములను ఏర్చి కూర్చి సంపుటములుగా వెలువరించిరి. మూడు నిమిషముల చిన్న రికార్డులలోని పాటలు పెద్ద రికార్డులలోనికి, తరువాత క్యాసెట్లలోనికి, ఆ పిమ్మట డిస్కులలోనికి వచ్చెను. యంత్రములు మారెను, గొంతు మారలేదు. తొలినాటి పాటల నుండి గీత వఱకు వరుసగా వినినచో అదియొక జీవితచరిత్రవలె నుండును. తొలి పాటలలో లేత గొంతు, అవకాశమునకు ఎదురుచూచు యువకుని ఉత్సాహము వినబడును. నడిమి పాటలలో నిండు కంఠము, విద్యపై అధికారము వినబడును. కడపటి గీతలో అలసట ఉన్నను శాంతి వినబడును. అన్నింటను మారనిది ఒక్కటే - మాటను చెడనీయని శ్రద్ధ. ఏ పాటయందును ఒక్క అక్షరము మింగబడదు.

విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ఆయన పేరు పెట్టిరి. 2003వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన, ఆయన వర్ధంతినాడు, తపాలాశాఖవారు ఆయన చిత్రముతో ఒక తపాలాబిళ్లను విడుదల చేసిరి. ఒకనాడు ఉంగరమమ్ముకొని సంగీతకళాశాల తలుపు తట్టిన బాలుని పేరే ఒక సంగీతకళాశాలకు పేరయ్యెను.

విజయనగరమున ఆయన జోలెలో అన్నము పెట్టిన తల్లులు ఎందరో గలరు. వారి పేర్లు ఏ పుస్తకమునను లేవు. వారు పెట్టిన పిడికెడు మెతుకులు తెలుగుజాతికి ఇంత పాటగా తిరిగివచ్చునని వారు ఎరుగరు. పేదవిద్యార్థికి చేసిన సాయము ఎంత చిన్నదైనను వృథా కాదు. విద్య కోరి కష్టమునకు ఓర్చినవాని శ్రమయు వృథా కాదు. ఘంటసాల జీవితము ఈ రెంటికిని సాక్ష్యముగా నిలిచియున్నది.